విజార్డ్‌ను తగ్గించే ముందు రెస్ట్‌ను చూడండి

"అన్నా, విజార్డ్ మస్తు ఎక్కువైండు, జర తగ్గియ్యిండ్రి." నెవర్‌వింటర్ నైట్స్ అనే కంప్యూటర్ ఆటకు సొంత సర్వర్ పెట్టి నెల తిరగకముందే డీఎంకు (ఆట నడిపే డంజన్ మాస్టర్‌కు) వచ్చే మొదటి ఫిర్యాదు ఇది. ఆడేది మిర్యాలగూడ నుంచైనా, గద్వాల నుంచైనా మాటలో తేడా ఉండదు. డీఎం మొహమాటపడి ఆ రాత్రే విజార్డ్ వేసే ఫైర్‌బాల్ మంత్రం దెబ్బను సగానికి కోస్తాడు. వారంలో విజార్డులు రావడం మానేస్తారు. ఇంకో రెండు వారాలకు అదే గొంతు "క్లెరిక్ ఎక్కువైండు" అంటుంది. ఇట్ల నరుక్కుంటూ పోతే చివరికి పది మంది ఫైటర్లు మిగులుతారు, వాళ్లూ ఒకరి కత్తి మీద ఒకరు పడి ఏడుస్తుంటారు.

విజార్డ్ (మాంత్రికుడు), క్లెరిక్ (పూజారి), ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగ) లాంటి క్లాసుల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి మూలం క్లాసులో ఉండదు. సర్వర్ పెట్టినవాళ్లు రెస్ట్ (వాడేసిన మంత్రాలు మళ్లీ నింపే విశ్రాంతి) ఎట్ల ఇచ్చారు, అంగట్లో ఏం అమ్ముతున్నారు, డంజన్‌లో ఏ రాక్షసుల్ని నింపారు అన్న మూడింట్లో ఉంటుంది. ఆటగాళ్ల లొల్లిలో సగం కూడా అక్కడి నుంచే పుడుతుంది. 20 నుంచి 40 మంది ఆడే చిన్న సర్వర్‌ను దృష్టిలో పెట్టుకొని ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా, ఆ తర్వాత ఆటగాళ్ల పంచాయితీలనూ చూద్దాం. 2002లో బయోవేర్ తెచ్చిన పాత ఆటకూ, 2018లో బీమ్‌డాగ్ తెచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌కూ ఇది సరిపోతుంది. లెక్కలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆట మూడో ఎడిషన్ నియమాల మీద వేసినవి.

ముందు కాగితం మీద లెక్క

పదో లెవెల్ ఫైటర్‌ను తీసుకోండి. బలం 18, చేతిలో +2 లాంగ్‌స్వోర్డ్, ఆ కత్తి మీద పట్టు పెంచే వెపన్ ఫోకస్, స్పెషలైజేషన్ ఉన్నాయి. రౌండుకు రెండు దెబ్బలు, పాచికకు కలిసేది మొదటిదానికి +17, రెండోదానికి +12. ఎదుటివాడి ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 20 అయితే మొదటి దెబ్బకు 20 ముఖాల పాచిక మీద 3 పడినా చాలు, అంటే 90 శాతం. రెండోదానికి 8 పడాలి, 65 శాతం. ఒక్కో దెబ్బ సగటు 12.5 (కత్తికి 4.5, బలానికి 4, మాయకు 2, స్పెషలైజేషన్‌కు 2). క్రిటికల్స్ (అప్పుడప్పుడు పడే రెట్టింపు దెబ్బలు) వదిలేస్తే రౌండుకు 19.4.

ఇప్పుడు అదే లెవెల్ విజార్డ్. ఫైర్‌బాల్ 10డీ6, అంటే ఆరు ముఖాల పాచికలు పది, సగటు 35. ఎదుటివాళ్లలో సగం మంది రిఫ్లెక్స్ సేవ్ (తప్పించుకోవడానికి వేసే పాచిక) గెలిచి సగం దెబ్బే తింటారనుకుంటే తలకు 26 చిల్లర. నలుగురు గుంపుగా నిలబడితే ఒక్క మంత్రానికి 105. తెలివి 18 ఉన్న విజార్డ్‌కు మూడో స్థాయి మంత్రాలు నాలుగు. నాలుగూ ఫైర్‌బాల్స్ అయితే 420. ఫైటర్ అంత కొట్టాలంటే దాదాపు 22 రౌండ్లు పడుతుంది. రౌండు 6 సెకన్లు కాబట్టి 2 నిమిషాల 12 సెకన్లు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. రెస్ట్ మీద ఏ అడ్డూ లేని సర్వర్‌లో విజార్డ్ నాలుగు మంత్రాలు వేస్తాడు, మూలకు పోయి రెస్ట్ బటన్ నొక్కుతాడు, అర నిమిషంలో మంత్రాలన్నీ మళ్లీ నింపుకుంటాడు. ఫైటర్ జీవితంలో అతన్ని అందుకోలేడు. తప్పు ఫైర్‌బాల్‌ది కాదు. రోజుకు ఇన్నే అని నియమం పెట్టిన మంత్రాలను మీ సర్వర్ నిమిషానికి ఇన్ని చేసింది.

ఎంత గడువు పెట్టాలన్నది కూడా ఇదే లెక్క చెబుతుంది. ఈ విజార్డ్‌కు మూడు, నాలుగు, ఐదో స్థాయి మంత్రాలు కలిపి పది (4, 4, 2). పదీ దాడికే వాడితే, ఒక్కోటి ఫైర్‌బాల్ పాటిదే అనుకుంటే, 1050. ఫైటర్ ఆటలో మూడో వంతు సమయం కొట్లాటలో ఉంటాడనుకోండి, మిగతాది నడక, పెట్టెలు తెరవడం, ముచ్చట్లు. 15 నిమిషాల్లో 5 నిమిషాల కొట్లాట, 50 రౌండ్లు, 970. రెండూ దాదాపు బరాబర్. విజార్డ్ స్టోన్‌స్కిన్ లాంటి రక్షణకు రెండు మూడు మంత్రాలు పక్కన పెడతాడు కాబట్టి కొంచెం వెనకబడతాడు, కానీ గుంపు మీద ఒక్కసారిగా కొట్టే వీలు అతనిదే. అందుకే పదో లెవెల్ దగ్గర 15 నిమిషాల గడువుతో మొదలుపెట్టమని చెప్పేది. మీ రాక్షసుల ఏసీ 20 కాకపోతే లెక్క మళ్లీ వేసుకోండి, ఐదు నిమిషాల పని.

రెస్ట్ గడువు పెట్టే పద్ధతి

మాడ్యూల్ (మీ సర్వర్‌లో నడిచే ఆట ఫైలు) ప్రాపర్టీస్‌లో ఈవెంట్ల కింద ఆన్ ప్లేయర్ రెస్ట్ ఉంటుంది. రెస్ట్ మొదలైనప్పుడు, పూర్తయినప్పుడు, మధ్యలో ఆగినప్పుడు అది మీ స్క్రిప్ట్‌ను మూడు రకాలుగా పిలుస్తుంది. పూర్తయినప్పుడు సమయం రాసిపెట్టాలి, మొదలైనప్పుడు తేడా చూసి గడువు కాకపోతే ఆపేయాలి. ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలిందో తెర మీద చూపాలి. ఇది మరిచిపోతే "రెస్ట్ పనిచేస్తలేదన్నా" అన్న మెసేజ్‌లతో డీఎం ఫోన్ నిండిపోతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది సమయం రాసే చోట. ఆటలోని గడియారం సమయం రాస్తే, సర్వర్ రీస్టార్ట్ కాగానే ఆ గడియారం మొదటి రోజుకు పోతుంది. రాసిపెట్టిన సమయం భవిష్యత్తులో ఉన్నట్టు అవుతుంది, ఆ ఆటగాడికి గంటలకొద్దీ రెస్ట్ దొరకదు. క్యారెక్టర్ మీదే లోకల్ వేరియబుల్‌గా (తాత్కాలిక గుర్తుగా) పెడితే రీస్టార్ట్‌తో చెరిగిపోతుంది, అది తెలిసినవాడు రీస్టార్ట్ కోసం కాచుకొని కూర్చుంటాడు. డేటాబేస్‌లో, నిజమైన గడియారం సమయంతో రాయండి. ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో ఎస్‌క్యూలైట్ డేటాబేస్ లోపలే ఉంది, పాతదానికి ఎన్‌డబ్ల్యూఎన్‌ఎక్స్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ కావాలి.

ఐదో లెవెల్ దాకా గడువు 6 నుంచి 8 నిమిషాలకు మించనీయకండి. రెండో లెవెల్ విజార్డ్ దగ్గర ఉండేవే రెండు మూడు మంత్రాలు. అవి అయిపోయాక పావుగంట సేపు కర్రతో ఎలుకల్ని కొట్టమంటే ఎవడూ రెండో రోజు రాడు. పై లెవెల్లో కూడా 30 నిమిషాలు దాటొద్దు. నల్లగొండలో కాలేజీకో షాపుకో పోయి వచ్చి ఆడే మనిషికి రాత్రి ఎనిమిదిన్నర తర్వాత దొరికేది గంటన్నర. అందులో రెండు రెస్ట్‌లే అంటే అతను ఆట ఆడడు, సత్రంలో నిలబడి ఫోన్ చూసుకుంటాడు.

ఇంకో మీట ఉంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. ఆటలో గంట అంటే మామూలుగా రెండు నిజ నిమిషాలు. మాడ్యూల్‌లో ఈ అంకెను మారిస్తే లెవెల్‌కు గంట చొప్పున నిలిచే మంత్రాలన్నీ మారతాయి. పదో లెవెల్లో అలాంటి మంత్రం 20 నిమిషాలు ఉంటుంది. రెస్ట్ గడువు 15 అయితే ఆ మంత్రం ఎప్పటికీ ఆరదు. క్లెరిక్ ఒంటి మీద ఆరేడు బఫ్‌లు (బలం పెంచే మంత్రాలు) శాశ్వతంగా వెలుగుతుండటానికి కారణం ఇదే. పైగా క్లెరిక్ డివైన్ పవర్ మంత్రం వేసుకుంటే ఫైటర్‌లాగే కొడతాడు, అది మాత్రం లెవెల్‌కు ఒక రౌండే. పొడుగు బఫ్‌ల మీద పొట్టిది పడినప్పుడు ఫైటర్‌కు ఉద్యోగం పోతుంది. క్లెరిక్‌ను కోయకుండా, పొడుగు బఫ్‌లు రెస్ట్ గడువు కంటే కొంచెం ముందే ఆరేలా చూసుకోండి. డంజన్‌లలో డిస్పెల్ (ఒంటి మీది మంత్రాలను చెరిపేది) వేసే రాక్షసుణ్ణి ప్రతి మూడో గుంపులో ఒకణ్ణి పెడితే మిగతా పని వాడే చేస్తాడు.

మొత్తంగా ఆపేయదగ్గ మంత్రాలు కొన్ని ఉన్నాయి. టైమ్ స్టాప్ పదిమంది ఆడేచోట పదిమందినీ గడ్డకట్టిస్తుంది, ఉంచడంలో అర్థం లేదు. హార్మ్ మూడో ఎడిషన్‌లో సేవ్ లేకుండా మనిషిని 1డీ4 హెచ్‌పీకి (ఒకటి నుంచి నాలుగు ప్రాణం పాయింట్లకు) దింపుతుంది, పెద్ద బాస్‌ను పెట్టి ప్రయోజనమే ఉండదు. దానికి సేవ్ పెట్టండి, లేదా గరిష్ఠ దెబ్బ కట్టండి. ఎపిక్ లెవెల్స్ (20 దాటినవి) తెరిస్తే డివాస్టేటింగ్ క్రిటికల్ మూసేయండి. ఒక్క మంచి పాచికతో ఎదుటివాడు చచ్చే ఆటలో గెలిచినవాడికీ మజా ఉండదు.

అంగడి పాడుచేసే సర్వర్లు

20 ముఖాల పాచికలో ఒక్క +1 అంటే 5 శాతం. ఇది అందరికీ తెలుసు. తెలియనిది ఏంటంటే, అన్ని +1లూ ఒక్కటి కావు. రాక్షసుడికి 11 పడితే తగిలే స్థితిలో మీరు +1 ఏసీ కొంటే తినే దెబ్బలు పదోవంతు తగ్గుతాయి. 19 పడితేనే తగిలే స్థితిలో అదే +1 కొంటే తినే దెబ్బలు సగానికి పడిపోతాయి. చివరి +1 అన్నింటికంటే బలమైంది, అంగట్లో మాత్రం అన్నింటికీ దాదాపు ఒకే వరస ధర.

ఈ ఆటలో ఏసీ ఐదు రకాలు: ఆర్మర్, షీల్డ్, నాచురల్, డిఫ్లెక్షన్, డాడ్జ్. ఒకే రకానివి కలవవు, పెద్దదే లెక్క. డాడ్జ్ ఒక్కటే +20 దాకా కలుస్తూ పోతుంది. అంగట్లో ఐదింటికీ +5 దొరికితే మొత్తం +25. పాచికకు ఉన్నవే 20 ముఖాలు. అప్పుడు రాక్షసులకు 20 పడితే తప్ప తగలదు. డీఎం రాక్షసుల దాడి పెంచుతాడు, ఆ పెరిగిన దాడి బట్టల మీద ఉన్న విజార్డ్‌కూ, రోగ్‌కూ ప్రతిసారీ తగులుతుంది. ఫైటర్ కోసం పెంచిన మందు పక్కింటివాణ్ణి చంపినట్టు. అప్పుడు "విజార్డ్ బలహీనమైండు" అని ఉల్టా ఫిర్యాదు మొదలు.

పదో లెవెల్ దాకా అంగట్లో +1 మాత్రమే, డంజన్ పెట్టెల్లో +2. ఇరవై దాకా +3. అంతకంటే పైవి డీఎం చేతిమీదుగా, కథలో భాగంగా, లెక్క రాసుకొని ఇవ్వాలి. డాడ్జ్ ఇచ్చే బూట్లను ప్రత్యేకంగా కాపాడుకోండి. ఐటం లెవెల్ రెస్ట్రిక్షన్ ఆన్ చేసి ఉంచండి, లేకుంటే పెద్ద క్యారెక్టర్ కత్తి చిన్న క్యారెక్టర్ చేతికి పోతుంది.

బిల్డ్‌ల (క్యారెక్టర్ కట్టుకునే తీరుల) కిరికిరిలో రెండింటిని మాత్రం మొదటి రోజే కట్టేయాలి. ఒకటి టంబుల్ అనే స్కిల్. ప్రతి 5 ర్యాంకులకు ఒక ఏసీ ఇస్తుంది. స్కిల్ పాయింట్లు దాచుకోవచ్చు కాబట్టి ఫైటర్ 20వ లెవెల్లో ఒకే ఒక్క రోగ్ లెవెల్ తీసుకొని, దాచిన పాయింట్లన్నీ టంబుల్‌లో కుమ్మరిస్తాడు: 23 ర్యాంకులు, 4 ఏసీ. రెండోది షాడోడాన్సర్ క్లాస్. ఒక్క లెవెల్‌తోనే కళ్ల ముందు మాయమయ్యే హైడ్ ఇన్ ప్లెయిన్ సైట్ వస్తుంది. రెండింటికీ ఒకే మందు: ఏ క్లాస్ తీసుకున్నా కనీసం మూడు లెవెల్స్ తీసుకోవాలని నియమం పెట్టి, లెవెల్ అప్ ఈవెంట్‌లో స్క్రిప్ట్‌తో చూసి, తప్పితే ఆ ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) వెనక్కి తీసుకోవాలి. మాయమవడానికి రెండు రౌండ్ల విరామం కూడా పెట్టొచ్చు. ఆరు నెలల తర్వాత ఈ నియమం పెడితే మాత్రం అప్పటికే అలా కట్టుకున్నవాళ్లతో యుద్ధమే.

రోగ్ ఎందుకు ఏడుస్తున్నాడు

పదో లెవెల్ రోగ్ స్నీక్ అటాక్ (చాటుగా కొట్టే దెబ్బ) 5డీ6, సగటు 17.5. కత్తిదెబ్బ ఆరున్నర అనుకుంటే మొత్తం 24. శవాలు, అస్థిపంజరాలు, రాతిబొమ్మల మీద స్నీక్ అటాక్ పనిచేయదు. 24 కొట్టేవాడు ఆరున్నరకు పడతాడు. మన సర్వర్లలో డంజన్ గీయమంటే మొదట శ్మశానం, తర్వాత పాడుబడ్డ గుడి, తర్వాత ఇంకో శ్మశానం గీస్తారు. అన్నింటా అస్థిపంజరాలే. రోగ్‌కు ఎన్ని బఫ్‌లిచ్చినా లాభం లేదు, డంజన్ మార్చాలి. మూడింటిలో ఒకదానికి మించి శవాలు ఉండొద్దు.

తాళాల్లో, ఉచ్చుల్లో నిజమైన లాభం పెట్టండి. ఫైటర్ పెట్టెను గొడ్డలితో పగలగొడితే లోపలి సీసాలు పగిలిపోవాలి, రోగ్ తీస్తే నిండుగా దొరకాలి. కొన్ని తలుపులకు తాళం తీసే నాక్ మంత్రం పనిచేయకూడదు.

మ్యాప్ కూడా క్లాసే. దేవరకొండ కోటనో రాచకొండ గుట్టల్నో చూసి మ్యాప్ గీస్తే అందంగా ఉంటుంది. కానీ కోట దారి అంటే ఇరుకు దర్వాజాలు, మలుపులు. రాక్షసులు ఆ ఇరుకులో ఒకరి వెనక ఒకరు ముద్దగా వస్తారు, పైన లెక్కలో చెప్పిన నలుగురు కాదు, ఎనిమిది మంది ఒక ఫైర్‌బాల్‌లో పడతారు. 105 కాస్తా 210. అదే కృష్ణ ఒడ్డున బీచుపల్లి లాంటి బయలు గీస్తే విల్లు పట్టిన రేంజర్ రాజు. నల్లమల లాంటి దట్టమైన అడవిలో చూపు ఆనదు, రోగ్, డ్రూయిడ్ బతుకుతారు. మూడు రకాలూ దాదాపు సమంగా ఉన్నాయా అని మీ ఏరియాల జాబితా తీసి గుర్తులు పెట్టుకోండి. కోటలోనే ఆట సాగాలంటే దర్వాజా దాటాక వెడల్పైన ముంగిలి పెట్టి, రాక్షసుల్ని రెండు వైపుల నుంచి వదలండి.

చెప్పుడు మాటలు కాదు, లాగ్

ఫిర్యాదు వచ్చిందని మార్చొద్దు, లాగ్ చూసి మార్చాలి. ప్రతి ఆటగాడు వచ్చిన సమయం, పోయిన సమయం, చనిపోయిన చోటు, చంపింది ఎవరు, ఎక్స్‌పీ ఎంత పెరిగింది, బంగారం ఎంత పెరిగింది అన్నవి రాసే స్క్రిప్ట్ మొదటి రోజు నుంచే ఉండాలి. మూడు వారాల లాగ్ నుంచి ప్రతి క్లాస్‌కూ, ఐదు లెవెల్స్ చొప్పున విడగొట్టి, గంటకు ఎక్స్‌పీ, గంటకు బంగారం, గంటకు చావులు తీయండి. ఒంటరిగా ఆడిన గంటలు, పార్టీలో ఆడిన గంటలు వేరుగా. సగటు తీస్తే ఒక్క పిచ్చి ఆటగాడు మొత్తం అంకెను లాగేస్తాడు, అందుకే వరుసలో పెట్టి మధ్యవాడి అంకె తీసుకోండి.

ఒక క్లాస్‌లో ముగ్గురే ఉంటే ఏ నిర్ణయానికీ రావొద్దు. అప్పుడు మీరు కొలుస్తున్నది క్లాస్‌ను కాదు, ఆ ముగ్గురినీ. మీ సర్వర్‌లో అందరికంటే హుషారైనవాడు మాంక్ ఆడుతుంటే మాంక్ బలంగా కనిపిస్తాడు, అంతే.

పరీక్ష పెట్టాలంటే ఆటగాళ్లకు కనిపించని ఏరియాలో ఏసీ 20, 25, 30 ఉన్న కదలని బొమ్మల్ని పెట్టి కొట్టించండి. పది దెబ్బలు చూసి తేల్చడం పొరపాటు. సగం తగిలే దెబ్బల్లో 100 సార్లు కొట్టినా ఫలితం అటూ ఇటూ 5 శాతం ఊగుతుంది, అంటే ఒక పూర్తి +1 అంత. 400 కొట్టిస్తే రెండున్నర శాతానికి దిగుతుంది.

మార్చాల్సి వస్తే ఒకసారి ఒక్కటే. 10, 15 శాతానికి మించొద్దు. వారం ముందు చెప్పాలి, ఎందుకో లెక్కతో చెప్పాలి. మారిన క్లాస్ వాళ్లకు ఒకసారి ఉచితంగా క్యారెక్టర్ తిరిగి కట్టుకునే వీలు ఇవ్వాలి. తర్వాత రెండు వారాలు ఏదీ ముట్టుకోవద్దు. ఇంటర్ పరీక్షలున్న మార్చిలో, బతుకమ్మ, దసరా సెలవుల్లో వచ్చిన అంకెల్ని మామూలు వారాలతో పోల్చొద్దు, ఆడే మనుషులే మారిపోతారు.

మంత్రాల టూడీఏ ఫైళ్లు (ఆట అంకెల పట్టికలు) మారిస్తే కొత్త హ్యాక్ ప్యాక్ (మార్పులున్న ఫైలు) అందరూ దింపుకోవాలి. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ డేటా మీద హాట్‌స్పాట్ పెట్టుకొని ఆడేవాళ్లున్నారని గుర్తుపెట్టుకోండి. స్క్రిప్ట్‌లో మార్చగలిగేది స్క్రిప్ట్‌లోనే మార్చండి.

పంచాయితీలు: నియమం కంటే ముందు స్క్రిప్ట్

లూట్ (రాక్షసుల దగ్గర దొరికే సొత్తు) గుంజుకోవడం మీద పది నియమాలు రాసేకంటే, బంగారాన్ని పార్టీకి సమంగా పంచే స్క్రిప్ట్ ఒకటి పెడితే ఆ పంచాయితీ ఇక రాదు. ఒకే గుహ దగ్గర కాపు కాసి గ్రైండ్ చేసేవాళ్లుంటే (అవే రాక్షసుల్ని పదేపదే చంపేవాళ్లు), ఏరియాలో మనిషి ఉన్నంతసేపు రాక్షసులు మళ్లీ పుట్టకుండా, ఖాళీ అయిన పది పదిహేను నిమిషాలకు పుట్టేలా చేయండి. పెద్ద లెవెల్ వాడు చిన్నవాళ్ల డంజన్ ఊడ్చేస్తుంటే, ఐదు లెవెల్స్ తేడా దాటితే ఎక్స్‌పీ సున్నా చేయండి. ఓడిపోతున్నప్పుడు లాగౌట్ అయి హెచ్‌పీ నింపుకొని వచ్చేవాళ్ల కోసం, పోయేటప్పుడు హెచ్‌పీ, మిగిలిన మంత్రాలు డేటాబేస్‌లో రాసి, వచ్చేటప్పుడు అవే పెట్టండి. ఇది ఉంటే "కరెంటు పోయింది" అన్న మాట నిజమా అబద్ధమా అని తేల్చే పని ఉండదు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారానికి వనపర్తిలో నిజంగానే కరెంటు పోతుంది. కొట్లాట మధ్యలో పోయినవాడికి ఐదు నిమిషాలు ఆగడం మర్యాద, రాకపోతే కథ ముందుకు నడవాలి.

స్క్రిప్ట్‌తో తీరనివి పీవీపీ (ఆటగాళ్లు ఒకరితో ఒకరు కొట్లాడటం), రోల్‌ప్లే (పాత్రలో ఉండి ఆడటం). పీవీపీకి ఇంత చాలు: కొట్టే ముందు ఆటలోనే మాటతో తెలిపి, ఎదుటివాడు తేరుకునేందుకు ఒక రౌండు వదలాలి, ఆ తర్వాతే హోస్టైల్ (శత్రువు) అని పెట్టాలి. ఐదో లెవెల్ లోపు వాళ్ల మీద చెయ్యి వేయొద్దు. ఓడినవాడి సామాను ముట్టుకోవద్దు. ఆ ఇద్దరి మధ్య మళ్లీ 24 గంటల దాకా కొట్లాట లేదు. పట్నం, సత్రం ఏరియాల్లో పీవీపీ సెట్టింగే ఆఫ్ చేయాలి. పీవీపీలో ఓడినవాడి మాట విని క్లాస్ అంకెలు మార్చే పని మాత్రం ఎప్పుడూ పెట్టుకోవద్దు. మార్చితే ఆ దెబ్బ డంజన్‌లో రాక్షసులతో కొట్లాడే అందరికీ తగులుతుంది.

రోల్‌ప్లేను మన దగ్గర ఎక్కువగా చెడగొడుతున్నది వాట్సాప్ గ్రూప్. ఆటలో ఒకణ్ణి దొంగలు కట్టేస్తారు. వాడు గ్రూప్‌లో మెసేజ్ పెడతాడు. రెండు నిమిషాల్లో నలుగురు స్నేహితులు "అనుకోకుండా" ఆ గుహకే వస్తారు. డీఎం అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: నీ క్యారెక్టర్‌కు ఇది ఎట్ల తెలిసింది? జవాబు లేకపోతే ఆ నలుగురినీ మర్యాదగా పట్నానికి పంపి కథను ఉన్నచోటికి తెచ్చుకోవాలి. మొదటిసారి శిక్ష అక్కర్లేదు, అది తప్పని చాలామందికి నిజంగానే తెలియదు.

నువ్వు, మీరు, యాస, ఇంటిపేరు

ఇంగ్లిష్ సర్వర్ల నియమాలు దించుకుంటే మనకు పనికిరాని చోటు ఇదే. ఆటలో సేనాపతి పాత్ర వేసిన డిగ్రీ కుర్రాడు, సిపాయి పాత్ర వేసిన నలభై ఏళ్ల సార్‌ను "ఏంరా" అంటాడు. పాత్రకు అది సరైందే, మనిషికి గుచ్చుకుంటుంది. నియమం స్పష్టంగా రాయండి: పాత్రల మధ్య పిలుపు పాత్ర స్థాయిని బట్టి ఉంటుంది. పాత్ర బయట మాట్లాడేది బ్రాకెట్లలో రాయాలి, అక్కడ అందరూ "అన్నా", "అక్కా", "సార్" లేదా "మీరు". బ్రాకెట్లు లేని "ఒరేయ్"కి డీఎం దగ్గర ఫిర్యాదు చెల్లదు, బ్రాకెట్లలో ఉన్న "ఒరేయ్"కి చెల్లుతుంది.

ఈ ఆట తెరమీద తెలుగు లిపి రాదు, అందరూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు కొడతారు. ఒక్కో బూతుకు ఎనిమిది పది స్పెల్లింగులు ఉంటాయి కాబట్టి పదాల ఫిల్టర్ మీద ఆధారపడొద్దు. చాట్ లాగ్ ఉంచి, ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ పది నిమిషాల లాగ్ మనిషే చదవాలి.

డీఎంలు తమ చేతిలోని పాత్రల భాష కూడా చూసుకోవాలి. రాజుగారు గ్రాంథికం, పూజారి పుస్తకాల తెలుగు, గోబ్లిన్‌లకూ తాగుబోతులకూ మాత్రం పాలమూరు యాస. ఇది చాలా సర్వర్లలో ఆలోచించకుండానే జరిగిపోతుంది. ఆడేవాళ్లలో సగం మంది ఇంట్లో ఆ యాసలోనే మాట్లాడతారు. రాజుకూ ఆ యాస ఇచ్చి చూడండి, దర్బారు ఇంకా బాగుంటుంది.

కొత్తవాళ్లను "ఏ ఊరు" అని అడగడం మనకు పలకరింపు, దాన్ని ఆపలేం. ఇంటిపేరు అడగడం మాత్రం పలకరింపు కాదు, ఎందుకు అడుగుతున్నారో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. పాత్ర బయట కులం, ఇంటిపేరు అడగొద్దని నియమాల్లో ఆ మాటలే పెట్టి రాయండి. "గౌరవంగా ఉండాలి" అని గుండ్రంగా రాస్తే ఎవరికీ తగలదు. అమ్మాయిల నంబర్ అడగడం, ఫోటో అడగడం మొదటిసారికే శాశ్వత బ్యాన్. టెన్త్, ఇంటర్ పిల్లలు ఆడుతుంటారు కాబట్టి ప్రైవేట్ మెసేజ్‌లు కూడా లాగ్‌లోకి వెళ్తాయని లోపలికి వచ్చేటప్పుడే అందరికీ చూపండి. బెదిరింపుల దాకా పోతే అది డీఎం పంచాయితీ కాదు. స్క్రీన్‌షాట్లు భద్రపరిచి, 2014లో మొదలైన షీ టీమ్స్‌ను గానీ దగ్గరి ఠాణాను గానీ కలవమని చెప్పండి, లాగ్ మీరు ఇవ్వండి.

బ్యాన్ వేసేటప్పుడు

మిగతా తప్పులకు మెట్లు పెట్టుకోండి: మొదట ప్రైవేట్‌గా చెప్పడం, తర్వాత 24 గంటలు, తర్వాత 7 రోజులు, తర్వాత శాశ్వతం. ప్రతిదానికీ తేదీ, సమయం, లాగ్‌లోని వరుసలు, నిర్ణయించిన ఇద్దరు డీఎంల పేర్లు రాసిపెట్టండి. గొడవలో తన క్యారెక్టర్ ఉన్న డీఎం తీర్పులో కూర్చోకూడదు. నలుగురి ముందు తిట్టడం శిక్ష కాదు, అది ఇంకో గొడవకు పిలుపు.

బ్యాన్‌ను సీడీ కీ (ఆటతో వచ్చే కోడ్) మీదే వేయండి, ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) మీద కాదు. మొబైల్ డేటాలోనూ, చాలా కేబుల్ ఇంటర్నెట్ ఆపరేటర్ల దగ్గరా ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది పంచుకుంటారు. సూర్యాపేటలో ఒకణ్ణి ఐపీతో ఆపితే అదే కేబుల్ మీద ఆడే మరో ఐదుగురు లోపలికి రాలేరు, ఆపాల్సినవాడు మాత్రం రౌటర్ ఆపి వేసుకొని కొత్త ఐపీతో వస్తాడు. ఇంట్లో నుంచి సర్వర్ నడపబోయి విఫలమయ్యేది కూడా ఈ కారణానికే. ఆట వాడే యూడీపీ 5121 పోర్ట్ రౌటర్‌లో తెరిచినా ఆపరేటర్ దగ్గర మూసి ఉంటుంది. హైదరాబాద్ లేదా ముంబై డేటా సెంటర్‌లో చిన్న సర్వర్ అద్దెకు తీసుకోవడమే దారి.

ఆ అద్దె కోసం చందా తీసుకుంటే తప్పులేదు. నెలనెలా ఎంత వచ్చింది, ఎంత పోయింది అందరికీ చూపండి. చందా ఇచ్చినవాడికి కత్తి, లెవెల్, ప్రత్యేక బూట్లు ఇవ్వొద్దు. రెస్ట్ గడువు నుంచి అంగడి దాకా వేసిన లెక్క మొత్తం ఒక్క ఫోన్‌పే మెసేజ్‌తో తలకిందులవుతుంది.

డీఎం చేతితో పుట్టిన ప్రతి వస్తువుకూ స్క్రిప్ట్ ఒక గుర్తు వేయాలి: ఎవరు, ఎప్పుడు, ఎవరికి. నెలకోసారి సర్వర్ వాల్ట్‌లోని క్యారెక్టర్ ఫైళ్లు తీసి ఆ గుర్తులు లెక్కపెట్టండి. డీఎంల సొంత క్యారెక్టర్లను ముందు చూడండి, వాళ్ల స్నేహితులవి తర్వాత. లెక్కకు మించి ఏదైనా తేలితే వస్తువును తీసేసి, ఆ సంగతి అందరికీ చెప్పి, ఆ డీఎంకు నెల రోజులు వస్తువులు పుట్టించే అధికారం ఆపండి.